కౌజుగూటి పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.  కంత చిన్న జాలి కట్టవలెను చుట్టు
మూరెడంత లోతు మునుఁగ నేల
పైన మెత్తనైన పందిరి వలవేసి
కౌజుపిట్ట నిట్లు కాయవలయు

అవతారిక: ఆరుబయట కౌజులకు గూడు కట్టే విధం ఈ పద్యానికి విషయం. ఇక్కడ గూడు అంటే పిట్టలు నేల మీద తిరిగేది, మనిషి లోపలికి పోయి రాగలిగేది అయిన జాలిగది. గద్వాల, వనపర్తి సంస్థానాలు పండితులను పిలిచి సన్మానించిన సీమ ఇది. విద్వద్గద్వాల అన్న పేరు ఊరికే రాలేదు. అంతటి చోట పిట్టగూటి పద్యానికి వ్యాఖ్య ఎందుకని ఆక్షేపం రావచ్చు. ప్రబంధాన్ని తప్పుగా చదివితే పోయేది పరువు మాత్రమే. దీన్ని తప్పుగా చదివితే తెల్లారేసరికి ఈకలు మిగులుతాయి.

టీక: కంత చిన్న జాలి = కంతలు అరంగుళం మించని వెల్డు జాలిని; చుట్టు = నాలుగు దిక్కులా; మూరెడంత లోతు = 18 అంగుళాలు; నేల మునుఁగ = భూమిలోకి దిగేటట్టు; కట్టవలెను; పైన = నెత్తి మీద; మెత్తనైన = తగిలినా తల పగలని; పందిరి వల వేసి; ఇట్లు = ఈ రీతిగా; కౌజుపిట్టన్ = పెంపుడు కౌజును; కాయవలయు = రాత్రింబవళ్లు కాపాడవలెను.

వ్యాఖ్య: ‘కంత చిన్న’ అనేది సాభిప్రాయ విశేషణం, కనుక ఇది పరికరాలంకారం. ఆరు మూలల కంతలుండే కోడిజాలి దీనికి చెల్లదు. అది కోడిని లోపల ఉంచుతుంది గానీ ఎలుకను బయట ఉంచదు. కంత అంగుళమైతే పిల్లి పంజా దూరుతుంది, జాలిని ఆనుకొని పడుకున్న కౌజు కాలో మెడో తెగుతుంది. అందుకే కిందనుంచి రెండడుగుల ఎత్తు దాకా రేకు గాని, రెండో వరుస జాలి గాని వేస్తారు. అరంగుళం కంత పందికొక్కును, ముంగిసను, ఎదిగిన జెర్రిపోతును ఆపుతుంది. చిట్టెలుక మాత్రం అందులోనూ దూరుతుంది. రాత్రి దాణా గిన్నెలు తీసేస్తే దానికి వచ్చే పని ఉండదు. ఎలుక రాకపోతే దాని వెంట పామూ రాదు.

‘మూరెడంత లోతు’ దగ్గర నేలను బట్టి అర్థం మారుతుంది. వనపర్తి, నాగర్‌కర్నూల్ చెల్కల్లో గుంత తవ్వడం తేలిక. ఆ తేలిక ముంగిసకూ తెలుసు. కాబట్టి మూరను జానగా చదవరాదు. గద్వాల వైపు నడిగడ్డ రేగడిలో వేరే చిక్కు. ఎండాకాలం నల్లనేల నెర్రెలు వారి, పాతిన జాలి కిందుగానే ఎలుకకు దారి చూపిస్తుంది. అక్కడ అడుగంతా జాలి పరిచి, పైన నాలుగంగుళాల ఇసుక పోయడం ఉత్తమం. ఆ ఇసుకలోనే పిట్టలు పొర్లాడి ఒంటి పేలు దులుపుకుంటాయి. గుట్టల పక్క రాతినేలలో గడ్డపార దిగదు. అటువంటి చోట ‘మునుఁగ నేల’ బదులు ‘పఱచి నేల’ అనే పాఠాంతరం గ్రాహ్యం: జాలిని బయటివైపు మూరెడు మేర పరిచి దాని మీద బండలు పెట్టాలి. ఇందువల్ల యతి చెడుతుంది, గూడు చెడదు.

మూడో పాదం ఈ పద్యానికి ప్రాణం. మిగతా పాదాలు బయటి శత్రువు గురించి చెబితే, ఇది పిట్ట బెదురు గురించి చెబుతుంది. కౌజు బెదిరితే పక్కకు పరుగెత్తదు, నిట్టనిలువుగా ఎగురుతుంది. పైన ఇనుప జాలి ఉంటే తల చిట్లుతుంది, ఒక్కోసారి మెడ విరుగుతుంది. కప్పును అడుగు ఎత్తులోనే ఉంచి ఎగిరే ఊపు రాకుండా చేయడం ఒక మార్గం; మనిషి నిలబడే ఎత్తులో మెత్తని వల కట్టడం రెండోది. పద్యానికి రెండోదే సమ్మతం. నడుమ ఎత్తు అన్నిటికన్నా చెడ్డది.

శంక: మెత్తని వలను కోతి చింపదా? అచ్చంపేట, అమ్రాబాద్ వైపు ఈ శంక ఒట్టి తర్కం కాదు. సమాధానం: పైన ఇనుప జాలి, దానికి జానెడు కింద షేడ్ నెట్ వదులుగా. ‘పందిరి వల’ను ద్వంద్వ సమాసంగా తీసుకుంటే మూలానికీ విరోధం లేదు.

తలుపు మూలంలో లేదు; అధ్యాహారం చేసుకోవాలి. అదీ రెండు తలుపులు. మొదటిది మూశాకే రెండోది తెరిస్తే పిట్ట పారిపోదు. ఉత్త గొళ్లెం కోతికి ఆటవస్తువు, తాళం కావాలి.

ఎండ ఊసు ఎత్తకపోవడం కవి లోపమే. మే నెలలో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు జిల్లాల్లోనూ 40 డిగ్రీలు దాటుతుంది. వట్టి రేకు కింద కౌజు బతకదు. గూడు పొడుగు తూర్పు పడమరలుగా ఉండాలి, సగం కప్పు మీద తాటాకు గాని బోద గాని వేయాలి, మధ్యాహ్నం తడి గోనెపట్టాలు దించాలి. వానగాలి పడమటినుంచి కొడుతుంది కనుక ఆ పక్క మూత అవసరం.

‘కౌజుపిట్టన్’ అన్నది జాత్యేకవచనం. ఒక్క పిట్టకు ఇంత గూడని కాదు. పిట్టకు చదరపు అడుగు తక్కువ కాకుండా, మూడు నాలుగు పెట్టలకు ఒక పుంజు. పుంజులు ఎక్కువైతే ఒకదాని తల ఒకటి పొడుస్తాయి. ఇక్కడ ఉద్దేశించింది 1974లో కాలిఫోర్నియానుంచి ఇజ్జత్‌నగర్ పరిశోధన సంస్థకు వచ్చిన జపాను కౌజు సంతతి. జొన్నచేలో ఉచ్చు పెట్టి పట్టిన అడవి కౌజు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తుంది, ఈ పద్యం కిందికి రాదు. ఇది చెట్టెక్కి నిద్రపోయే జాతి కాదు గనుక లోపల దండెకర్రలు దండగ. దాక్కోవడానికి గడ్డి మోపు, బోర్లించిన తట్ట చాలు.

‘కాయవలయు’ అన్న క్రియకు కాలనియమం చెప్పలేదు, కాబట్టి ప్రతి సాయంత్రమూ అని గ్రహించాలి: పిట్టలను లెక్కపెట్టడం, జాలి అంచులు చేత్తో లాగి చూడడం, తడిసిన పరుపు మార్చడం. పరుపుకు ఊక గాని, ఈ ప్రాంతంలో దొరికే వేరుశనగ పొట్టు గాని వాడవచ్చు. బూజు పట్టిన పొట్టు విషం.