లేవనక్కర్లేదు

నేను నులక మంచాన్ని. నల్లతుమ్మ కోళ్ళు, వేప పట్టెలు, గోగునార నులక. పుట్టింది పర్చూరులో, మాదిగపల్లెలో. ఇప్పుడు ఊరవతల నల్లరేగడి చేలో, బోరు షెడ్డు పక్కన ఉంటున్నాను. నా మీద కూర్చున్న మనిషి బరువు నులక పోగుల్లో నాకు తెలుస్తుంది. అలిసిన మనిషి వచ్చి పడితే ఒక బరువు, భయంతో ఒదిగి కూర్చుంటే ఇంకో బరువు. తీరిగ్గా కూర్చున్నవాళ్ళ బరువు ఎట్లా ఉంటుందో తెలియడానికే నాకు చాలా ఏళ్ళు పట్టింది. 2024 క్రిస్మస్ గురించి చెప్పుకోవాలన్న ఆశ నాకు అందుకే.

నన్ను చేయించింది ఇప్పటి పెద్దాయన తండ్రి. ఆసామి దగ్గర జీతానికి ఉండేవాడు. చీకటితో పోయి చీకటి పడ్డాక వచ్చేవాడు. వచ్చి నన్ను వాకిట్లో వాల్చేవాడు గాని, ఒళ్ళు పూర్తిగా నాకు అప్పగించింది లేదు. దారిలో ఆసామి చెప్పుల చప్పుడైతే లేచి నిలబడాలి. మంచం మీద ఉండగా పెద్దకులం వాళ్ళ కంటబడటం ఆ రోజుల్లో తప్పు. అందుకని సగం బరువు నా మీద, సగం తన పాదాల మీద ఉంచి కూర్చునేవాడు. నా కోళ్ళు పట్టుకుని నడక నేర్చిన కొడుక్కీ ఆ కూర్చోవడమే వచ్చింది. ఎవరూ చెప్పి నేర్పలేదు.

1985 జూలై 17న ఇక్కడికి దగ్గరున్న కారంచేడులో మాదిగపల్లె మీద దాడి జరిగింది. ఆరుగురు చనిపోయారు. మిగిలినవాళ్ళు కట్టుబట్టలతో చీరాల చేరి శిబిరంలో తలదాచుకున్నారు. ఆ రాత్రుళ్ళు మా ఇంట్లో పిల్లల్ని నా మీద పడుకోబెట్టి, పెద్దవాళ్ళు చుట్టూ నేల మీద మేలుకుని కూర్చున్నారు. 1989లో ఎస్సీ, ఎస్టీల అట్రాసిటీ చట్టం రావడానికి ఆ చీరాల శిబిరంలోంచి లేచిన పోరాటం కూడా ఒక కారణం. నా వరకు నాకు గుర్తున్నది ఆ పిల్లల బరువు. చాలా తక్కువ.

ఆ పిల్లల్లో పెద్దవాడు మేస్టరయ్యాడు. అతని జీతంలో మిగిల్చుకుంటూ ఎకరంన్నర కొన్నారు. మరో మూడెకరాలు పెద్దాయన కౌలుకు తీసుకుని మిర్చీ శనగా వేస్తున్నాడు. నన్ను ట్రాక్టరు ట్రక్కులో వేసి చేలోకి తెచ్చారు.

ఈ రేగడి భూముల్లో డిసెంబరు తీరిక నెల కాదు. మిర్చి కాపు మీద ఉంటుంది, తడి ఆలస్యమైతే పూత రాలుతుంది. పత్తి తీతలు నడుస్తుంటాయి. క్రిస్మస్ పొద్దున గుడికి పోయొచ్చి, కొత్త చొక్కా విప్పి వంకీకి తగిలించి, మధ్యాహ్నం చేనుకి మందు కొట్టిన ఏళ్ళున్నాయి. 2021లో నల్ల తామరపురుగు పువ్వులోనే చేరి కాపును మింగేసింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. శనగ చేలో నీళ్ళు నిలిచాయి, మిర్చి వేరు కుళ్ళింది. ఆ క్రిస్మస్‌కి నన్ను వాల్చినవాళ్ళే లేరు, షెడ్డు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాను.

ఆ మరుసటేడు చిన్నమ్మాయి, అల్లుడు, ఇద్దరు పిల్లలు మెల్‌బోర్న్ నుంచి వచ్చారు. అక్కడ డిసెంబరంటే ఎండాకాలం. మనకి మే నెలలో ఇచ్చినట్టు బడులకి పెద్ద సెలవులు అప్పుడే, జనవరి చివరిదాకా. మనవరాలు తాతకి ఆ సంగతులన్నీ నా మీద కూర్చునే చెప్పింది. అక్కడ క్రిస్మస్‌కి జనం సముద్రానికి పోతారట. ఎండా గాలీ ముదిరిన రోజున ప్రభుత్వం చాటింపు వేస్తుందట, ఆ రోజు ఆరుబయట పొయ్యి వెలిగిస్తే శిక్షట.

"మరి పండక్కి వండుకునేదెట్టా అమ్మాయ్?"

"ఇంట్లో తాతా, కరెంటు పొయ్యి మీద."

పెద్దాయనకి అది మనసుకి పట్టలేదు. అందుకే కాబోలు, ఈసారి వంట చేలోనే అన్నాడు.

ఇరవై నాలుగు అర్ధరాత్రి ఆరాధన, పొద్దున మళ్ళీ గుడి, పాస్టరుగారికి వందనాలు, ఇంటింటికీ కేకు ముక్కలు. అవన్నీ ఊళ్ళో జరిగాయి, నేను చూడలేదు. మధ్యాహ్నానికి ఆటోలో గిన్నెలూ మనుషులూ దిగారు. మూడు ఇటుకలు పెట్టి కిందటేటి పత్తికట్టె పొయ్యిలో పెట్టారు. పత్తికట్టె గబగబా మండి ఆరిపోతుంది, ఒకరు పక్కనే కూర్చుని ఎగదోస్తుండాలి. ఆ పని అల్లుడు తీసుకున్నాడు. నాటుకోడి కూర, పలావు, గారెలు. అమ్మమ్మ మూడురోజుల ముందే వండిన అరిసెలు స్టీలు డబ్బాలో నా తలవైపు కూర్చున్నాయి. మేస్టరు వేపకొమ్మకి కాగితం నక్షత్రం కట్టాడు. బోరు కరెంటు తీగకి బల్బు కలపబోతే, "పట్టపగలు నక్షత్రానికి దీపమెందుకురా" అని అమ్మమ్మ ఆపింది.

పిల్లలు శనగ చేలో పడ్డారు. శనగాకు మీది నూగులో పులుపు ఊరుతుంది. చేలో తిరిగితే బట్టలకీ చేతులకీ అంటుతుంది. వాళ్ళు వేళ్ళు నాకి చూసుకుని, మళ్ళీ పోయి ఆకులు తడిమి, మళ్ళీ నాకారు. అంతటితో ఆగక చిన్నవాడు ఎర్రబడిన మిరపకాయ ఒకటి తుంచి అదే చేత్తో కళ్ళు నలుపుకున్నాడు. చేనంతా ఒకటే కేక. అమ్మమ్మ వాణ్ణి నా మీద పడుకోబెట్టి చల్లటి నీళ్ళతో కళ్ళు కడిగి, చేతులకి కొబ్బరినూనె రాసి, కొంగుతో విసిరింది. కాసేపటికి వాడు నిద్రపోయాడు. నా తాళ్ళలోకి ఆ నిద్ర దిగడం నాకు తెలిసింది. తొలికాపు మిరప ఘాటు పడనిదే ఈ చేను ఎవర్నీ తనవాడు అనుకోదు. వాడికది ఆ రోజే అయింది.

అన్నాలు తిన్నాక పెద్దాయన వచ్చి నా మీద చేరగిలబడ్డాడు. అప్పుడే గట్టు మీద మోటారుసైకిలు ఆగింది. పక్క చేను రైతు. ఒకప్పటి ఆసామి మనవడు.

"ఏం పెద్దాయనా, పండగ ఇక్కడేనా?"

ఆ గొంతు వినగానే పెద్దాయన పాదాలు నేలని వెతుక్కున్నాయి. బరువు నా మీంచి లేవడం మొదలైంది. డెబ్భై అయిదేళ్ళ ఒంటికి తెలిసిన పని అది, మనసుని అడిగి చేసేది కాదు. నా నులక బిగుతు వదులుతోంది. ఆ క్షణాన మనవరాలు పక్కన కూర్చుని తాత భుజం మీద చేయి వేసి ఉంది. ఆ పిల్లకేమీ తెలియదు. తాత లేస్తుంటే ఎందుకు లేస్తున్నాడో కూడా తెలియదు. "ఎక్కడికి తాతా?" అంది, అంతే.

బరువు మళ్ళీ నా మీదికి వచ్చింది. మొత్తం వచ్చింది. నన్ను చేసిన నాటినుంచి ఆ ఇంటి మగవాడెవరూ, ఆ గొంతు ఎదుట, అంత బరువు నాకు ఇవ్వలేదు.

"రండి బాబూ, కూర్చోండి. పాపా, కేకు తే," అన్నాడు పెద్దాయన, కూర్చునే.

అతను వచ్చి నా కాళ్ళవైపు కూర్చున్నాడు. కేకు తిన్నాడు, అరిసె తిన్నాడు, మబ్బు చూసి వానొస్తే శనగకి చేటని అన్నాడు. మిర్చి ధర మాట్లాడుకున్నారు. ఇద్దరి బరువూ ఒకే నులక మీద. ఇంతోటిదానికే పల్లెల్లో అన్నీ మారిపోయాయని నేను చెప్పను. కౌలు రేటు అతనే చెబుతాడు, ఈయన వినాలి. కానీ ఆ సాయంత్రం కూర్చున్నది కూర్చున్నదే.

అతను వెళ్ళాక పిల్లలు కథ చెప్పమన్నారు. పెద్దాయన తన తాతల నాటి కరువు చెప్పాడు. 1876లో మొదలైన ఆ కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ళ తవ్వకం ఒప్పుకుని వేలమందికి కూలి చూపించాడు. తవ్వి తవ్వి అలిసి కూర్చున్నవాళ్ళ దగ్గరికి బోధకులు వచ్చి మాట్లాడేవారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ కథ నేను ఎన్నోసార్లు విన్నాను. పెద్దాయన ఎప్పుడూ నదిలో దిగినవాళ్ళ సంగతే చెప్పేవాడు. ఈసారి మాత్రం కాలువ గట్టున కూర్చున్నవాళ్ళ దగ్గర ఎక్కువసేపు ఆగాడు. పార పక్కన పెట్టి కూర్చుంటే ఒక మనిషి వచ్చి లెమ్మనకుండా, ఎదురుగా కూర్చుని మాట్లాడటం వాళ్ళకి అదే మొదలై ఉంటుందిరా అన్నాడు.

ఆ మర్నాటినుంచి క్రికెట్టు. వీళ్ళు మెల్‌బోర్న్ వదిలి ఇక్కడికొస్తే మన టెస్టు జట్టు మెల్‌బోర్న్‌లో ఆడుతోంది. మన తెల్లవారుజాము అయిదింటికే ఆట మొదలు. మూడో రోజు, 28న, అందరూ చేలోనే ఉన్నారు. ఫోను నా మధ్యలో పెట్టి చుట్టూ మూగారు. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి వంద కొట్టాడు. గ్యాలరీలో వాళ్ళ నాన్న ఏడుస్తుంటే ఇక్కడ మా పెద్దాయన తుండుతో కళ్ళు తుడుచుకున్నాడు. అందరూ ఒక్కసారే ఎగిరి నా మీద పడటంతో నడుమ నులకలో రెండు పోగులు తెగాయి. తెగినందుకు నాకేం బాధ లేదు.

వాళ్ళు వెళ్ళిపోయారు. జనవరిలో కోతలు మొదలయ్యాయి. కూలికొచ్చిన ఆడవాళ్ళు చంటిపిల్లల్ని నా మీదే పడుకోబెట్టారు, కల్లంలో కాయ ఎండింది. తీరా గుంటూరు యార్డుకి తోలేసరికి ధర పడిపోయింది. ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాలుకి 11,781 రూపాయలని ప్రకటించింది. పెట్టుబడికీ దానికీ పొంతన లేదని మేస్టరు నా మీద కాగితం పెట్టుకుని లెక్క వేశాడు. పెద్దాయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని కూతురికి ఫోను చేశాడు.

"ధర సంగతి మీకెందుకమ్మాయ్, అది మేం చూసుకుంటాం. డిసెంబరుకి టిక్కెట్లు ఇప్పుడే తీసుకోండి, తర్వాత రేటు పెరుగుద్దంట గదా. మంచానికి కొత్త నులక అల్లిస్తన్నా. మావాడు చీరాల పోయి గోగునార తెస్తానన్నాడు."