పక్షవాతానికి పచ్చ పావురం

మా కోఠారిలో పక్షవాతానికి మందు ఎక్కడ దొరుకుతుందని అడిగితే రెండు దారులు చూపిస్తారు. ఒకటి బల్లార్షా మీదుగా చంద్రపూర్ ఆసుపత్రికి పోయే సడక్. రెండోది నిట్టనిలువుగా పైకి, జువ్విచెట్టు చిటారుకొమ్మకు. చలికాలం పొద్దున అక్కడ ఎండకు ఒళ్లు కాచుకుంటూ వరసగా కూర్చుంటాయే, పసుపు కాళ్ల పచ్చ పావురాలు, మరాఠీలో హరియాల్ అంటారు, అవే మందు. నాలుగు పిట్టల కూర, పైన వాటి రసం, వారం పది రోజులు. పడిపోయిన చెయ్యి తనంతట తానే లేచి దండం పెడుతుందట.

"ఎవరికి లేచిందన్నా?"

"మా మామ తోడల్లుడికి."

ఆ తోడల్లుడు ఎప్పుడూ పక్క తాలూకాలోనే ఉంటాడు. గోండ్‌పిప్రిలో అడిగితే రాజురాలో ఉన్నాడంటారు, రాజురాలో అడిగితే సిర్పూర్ పోయాడంటారు. పక్షవాతం వచ్చిన మనిషి ఇంతగా తిరుగుతున్నాడంటే మందు బాగానే పనిచేసినట్టుంది.

ఈ వైద్యానికి మూలసూత్రం ఏమిటా అని చాలాకాలం తల పట్టుకున్నాను. చివరికి దొరికింది. పక్షవాతంలో పక్షం ఉంది, పక్షం ఉన్నది పక్షి. అంతే. ఇది వైద్యం కాదు, వృత్త్యనుప్రాస. ఈ లెక్కన నత్తికి నత్తను పెట్టాలి, గజ్జికి గజాన్ని వండాలి. గజ్జి వైద్యులెవరూ ఇంతవరకు ముందుకు రాలేదు. అంత పెద్ద మూకుడు దొరక్క కాబోలు.

పోనీ, పోలికనుబట్టే మందు అనుకుందాం. ఈ పిట్ట గురించి మా వైపు ఇంకో మాట ఉంది. హరియాల్ నేల మీద కాలు పెట్టదట. నీళ్లకు కిందికి దిగాల్సి వస్తే కాళ్లలో పుల్ల పట్టుకుని, ఆ పుల్ల మీదే నిలబడి తాగుతుందట. అది కథే అయినా దానికి వేరు ఉంది. మర్రి, రావి, మేడి, జువ్వి పండ్ల మీద బతికే పిట్ట కాబట్టి దాని సంసారమంతా కొమ్మల మీదే, నేలతో దానికి పెద్దగా పనిలేదు. సరే, నేల మీద కాలు మోపని పిట్టను తెచ్చి, నేల మీద కాలు మోపలేని మనిషికి పెడితే ఏమవుతుంది? మీ శాస్త్రం ప్రకారమే ఆయన చెట్టెక్కాలి తప్ప లేచి నడవకూడదు కదా!

మెదడుకు రక్తం తీసుకుపోయే నాళం రక్తపు గడ్డతో మూసుకుపోతేనో చిట్లితేనో పక్షవాతం వస్తుంది. గడ్డకట్టిన రకమైతే దాన్ని కరిగించే ఇంజెక్షన్ ఉంది, కానీ నాలుగున్నర గంటల్లోపే పడాలి. ఆ నాలుగున్నర గంటల్లో మన షికారి ఏం చేస్తుంటాడు? ఎయిర్‌గన్ తుడుస్తుంటాడు. ఛర్రాల డబ్బా ఎక్కడ పెట్టాడో మరచిపోయి ఇంట్లో వాళ్లను తిడుతుంటాడు. బండిలో డీజిల్ పోయించి, ఇద్దరు దోస్తులను ఎక్కించుకుని, దారిలో ఛాయ్ తాగి, మాణిక్‌గఢ్ గుట్టల వైపు పోతాడు. అక్కడే పావురాలు కొవ్వు పట్టి ఉంటాయట. పిట్టతో ఇల్లు చేరేసరికి రోగి గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

ఆ ఛర్రా సంగతి కూడా చెప్పాలి. ఎయిర్‌గన్‌లో ఎక్కువమంది వాడేది సీసపు గుండు. మెత్తటి లోహం, ఎముకకు తగిలితే ముక్కలవుతుంది. కంటికి కనిపించిన గుండును వంట చేసేవాళ్లు ఏరి పారేస్తారు, కనిపించని రజను కూరలో కలిసిపోతుంది. సీసం నరాలకు విషం. రంగులు కలిపే పని చేసే వాళ్లకు సీసం ఒంట్లో చేరి మణికట్టు వాలిపోవడం, చెయ్యి లేవకపోవడం పాతకాలం వైద్యులకు బాగా తెలిసిన జబ్బు. అంటే చెయ్యి పడిపోయిన మనిషికి, చెయ్యి పడగొట్టే లోహాన్ని, మసాలా పట్టించి, వేడివేడిగా పెడుతున్నాం. ఒక్క గిన్నె రసానికే ఎవరికీ ఏమీ కాదు, ఆ మాట నేననను. కానీ ఇంతకన్నా తలకిందులైన మందు చీటీ నేనింకా చూడలేదు.

ఇక చట్టం. హరియాల్ మహారాష్ట్ర రాష్ట్ర పక్షి. 1972 వన్యప్రాణి చట్టం వచ్చిన కొత్తలో చిన్న వేటకు లైసెన్సులు ఉండేవి, 1991 సవరణతో అవి పోయాయి. ఇప్పుడు శిక్ష మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. అభయారణ్యం లోపలైతే మూడేళ్లకు తగ్గకుండా. మా పక్కనే కన్హార్గావ్ అభయారణ్యం ఉంది, 2020 డిసెంబర్‌లో రాష్ట్ర వన్యప్రాణి మండలి దానికి ఆమోదం తెలిపింది. పైగా చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. ఉరి పెట్టినా, వల పన్నినా, ఎర చూపినా, తరిమినా, గూడు చెరిపినా, చివరికి ప్రయత్నించి గురి తప్పినా వేటే. ఇది వింటే మా షికారీలకు నిజంగా కోపం వస్తుంది. పిట్టను కొట్టినందుకు కేసంటే సరే, గురి తప్పినందుకూ కేసా? ఇజ్జత్ పోదూ?

తాడోబాలో పులికి ముల్లు గుచ్చుకుంటే ఢిల్లీ దాకా తెలుస్తుంది. పచ్చ పావురానికి ఆ భాగ్యం లేదు, బతికున్నప్పుడే పావు కిలో తూగుతుంది. అంత చిన్నదానికి ఇంత పెద్ద చట్టమా అని నవ్వుతారు. దసరాకు పాలపిట్టను చూసి మొక్కి, దీపావళికి పచ్చ పావురాన్ని చూసి మసాలా నూరే మనుషులం మనం.

మనకంటే ఫ్రాన్స్, స్పెయిన్ సరిహద్దు వాళ్లు నయం. అక్కడ పిరనీస్ కొండల కనుమల్లో అక్టోబర్ వస్తే అడవి పావురాలు గుంపులు గుంపులుగా దక్షిణానికి పోతాయి. వాటి కోసం చెట్ల మీద గుడిసెలు కట్టి, కట్టేసిన పావురాలను ఎరగా పెట్టి, రోజుల తరబడి మాటు వేస్తారు. ఎచలార్ కనుమలో తెల్లటి చెక్కబద్దలు గాలిలోకి విసురుతారు. డేగ అనుకుని పావురాలు కిందికి దూకి వలలో పడతాయి. అది మంచి పని అని నేను చెప్పను. కానీ ఆ పిచ్చికి వాళ్లు పెట్టుకున్న పేరు చూడండి: నీలి జబ్బు. అక్టోబర్ రాగానే మగాళ్లకు పట్టే రోగమని వాళ్లే చెప్పుకుంటారు. వాళ్లకు పావురాల వేట జబ్బు, మనకు అదే మందు. తేడా అంతా నోటి నిజాయితీలో ఉంది. రుచి కోసం, సరదా కోసం అని అక్కడ ఒప్పుకుంటారు. మా దగ్గర ఇన్నేళ్లలో ఒక్కడూ "నాలుక గుంజుతుంది, అందుకే కొట్టిన" అనలేదు. ఎప్పుడూ ఎవరో ఒకరి రోగాన్ని అరువు తెచ్చుకుంటారు.

రోగి దొరకనప్పుడు పురాణం అరువుకొస్తుంది. భారతం శాంతిపర్వంలో పావురం తనంతట తానే మంటలోకి దూకి బోయవాడి ఆకలి తీర్చింది కదా, పావురం పుట్టిందే అందుకు అని ఒకాయన నాకు చెప్పాడు. ఆయన కథను భోజనాల దాకా విని లేచి వచ్చినట్టున్నాడు. ఆ పావురం చేసింది చూసి బోయవాడు వల పారేసి వేటే మానుకున్నాడు. శిబి చక్రవర్తి కథ కూడా ఉందండీ అన్నాను. డేగ నుంచి పావురాన్ని కాపాడటానికి తన తొడ కోసి ఇచ్చాడు శిబి. "ఆ, అందుకే తొడ ముక్కకు అంత గిరాకీ" అన్నాడు.

అన్నిటికన్నా నాకు ఒళ్లు మండేది ఆదివాసీని అరువు తెచ్చుకోవడం. "గోండులు తరతరాలుగా వేటాడట్లేదా?" అని పట్నం షికారి బొలెరో దిగుతూ అడుగుతాడు. 2006 అటవీ హక్కుల చట్టం ఆదివాసీకి పోడు భూమి మీద, తునికాకు మీద, ఇప్పపువ్వు మీద హక్కు రాసిచ్చింది కానీ, వేట హక్కును పేరు పెట్టి మరీ పక్కకు తీసేసింది. అడవిలో పుట్టినవాడికే లేని హక్కును వాడి పేరు చెప్పి పట్నంవాడు వాడుకుంటున్నాడు. ఉరి దొరికితే కేసు గుడిసెలో వాడి మీద పడుతుంది. ఎయిర్‌గన్ మాత్రం బండి సీటు వెనక హాయిగా పడుకుని ఊరు చేరుతుంది.

అసలైన కొండ మనుషుల మాట చెప్తాను. అరుణాచల్ ప్రదేశ్‌లో 2021 మార్చిలో ఎయిర్‌గన్లు అప్పగించే కార్యక్రమం మొదలైంది. పిట్టల వేట అక్కడ మగతనానికి గుర్తు, పిల్లాడి చేతికి మొదట వచ్చే ఆయుధమే ఎయిర్‌గన్. అలాంటి ఊళ్లలో జనం వరస కట్టి వందలకొద్దీ తుపాకులు తెచ్చి ఇచ్చారు. సడక్ పొడుగునా బ్రాయిలర్ దుకాణాలున్న మా వాళ్లకు మాత్రం అడవి పిట్ట లేకుంటే ముద్ద దిగదు.

"ఇంకా బొచ్చెడున్నయి" అనేది ఆఖరి మాట. నిజమే, హరియాల్ అంతరించే జాతుల జాబితాలో లేదు. అమెరికాలో పాసింజర్ పావురం కూడా ఒకప్పుడు ఏ జాబితాలోనూ లేదు. 300 కోట్లో 500 కోట్లో ఉండేవంటారు, గుంపు ఆకాశం దాటడానికి గంటలు పట్టేది. మిగిలిన ఆఖరుది, మార్తా అని పేరు, 1914 సెప్టెంబర్ 1న సిన్సినాటి జంతుశాలలో చచ్చిపోయింది. మా దగ్గర గుండు కన్నా ముందు పండే కరువవుతుందేమో. బల్లార్షా టేకు కొత్త పార్లమెంటుకూ అయోధ్య గుడి తలుపులకూ పోయిందని మేం గర్వంగా చెప్పుకుంటాం. నిజంగా గొప్పే. కానీ టేకు తోటలో పావురానికి ఒక్క పండు దొరకదు. పచ్చ పావురం ఇప్పటికీ పాత జువ్వినీ మర్రినీ వెతుక్కుంటుంది, ఆ చెట్టెక్కడుందో షికారికీ తెలుసు.

పోయిన చలికాలం తెలిసినవాళ్లింటికి పోయాను. పెద్దాయనకు ఎడమవైపు పడిపోయి ఏడాది. ఆయన కోసమని ఆరు పావురాలు వచ్చాయి. వాకిట్లో రాళ్ల పొయ్యి, పెద్ద గిన్నె, చుట్టూ కాళ్లూ చేతులూ నిక్షేపంగా ఆడుతున్న నలుగురు. గట్టి ముక్క అరగదని పెద్దాయనకు అర గ్లాసు రసం పంపారు. మాట కొంచెం ముద్దగా వస్తుంది కానీ బుర్ర బాగానే ఉంది ఆయనకు. గ్లాసు కింద పెట్టి కొడుకును పిలిచాడు.

"బిడ్డా, ఆరుల నాది అర గ్లాసు. గంతే నా ఖాతాల రాయి. మిగిలినయి మీ పేర్ల మీద రాసుకోండ్రి."