సూర్యుడొచ్చాడు, సిగ్నల్ రాలేదు!

అరసవల్లి సూర్యుడి గుడిలో ఏటా మార్చిలోనూ, అక్టోబరులోనూ సూర్యకిరణాలు దాదాపు 15 కోట్ల కిలోమీటర్లు దాటి, మబ్బు అడ్డం రాకుంటే తిన్నగా గర్భగుడిలోకొచ్చి స్వామి పాదాలు తాకుతాయి. ప్రయాణం ఎనిమిది నిమిషాల పైచిలుకు. అదే ఊళ్లో హాల్లోని వైఫై మాత్రం వంటింటి గడప తొక్కదు!

గుడి కట్టినవాళ్లు కిరణానికి దారి వదిలారు. మనం? రౌటర్‌ను టీవీ వెనక్కి నెట్టి, ఇనప బీరువా చాటున దాచి, దుమ్ము పడకుండా పైన లేసు గుడ్డ కప్పుతాం. దసరాకి బొట్టు కూడా పెడతాం లెండి.

సిగ్నల్ రాలేదా, కొత్త రౌటర్ కోసం ఏడురోడ్ల జంక్షన్‌లో దుకాణానికి పరుగు. అక్కడ చూసేది యాంటెన్నాల లెక్కే.

"కొమ్ములెన్నున్నాయి బావూ?"

"నాలుగండి."

"ఆరున్నది తియ్యి!"

అట్ట మీద 1200 అని ఉంటుంది. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండుకి సెకనుకు 300 మెగాబిట్లు, 5 గిగాహెర్ట్జ్‌కి 867 కూడి, పైకి సవరించిన అంకె అది. పలాస బస్సు అరవైలో, పాలకొండ బస్సు అరవైలో పోతుంటే మనం నూట ఇరవైలో పోతున్నామన్నట్టు! చవక రకాల్లో చాలావాటికి వెనక వైరు గుచ్చే పోర్టు వందకు మించదు. మనం కట్టే ప్లాను ముప్ఫై.

పైగా 5 గిగాహెర్ట్జ్ వేగమే గానీ గోడ కనిపిస్తే నీరసపడుతుంది. "ఇంటి మధ్యలో, ఎత్తులో పెట్టండి, మేడ మీదికి వైరు లాగించండి" అంటే గోడకి కన్నం పడుతుందని ఇంటాయన బెంగ.

చివరికి ఆరు కొమ్ములదే కొన్నారు. వాస్తు చూసి ఈశాన్యంలో పెట్టారు.