పది వేల ప్రాప్తం

మోసపోయినవాడి కష్టానికి మన ప్రభుత్వాలు ఒక ధర కట్టాయి. అక్షరాలా పది వేల రూపాయలు. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అగ్రిగోల్డ్ బాధితులకు చెల్లింపులు మొదలుపెడితే, ముందు వరస పది వేలలోపు డిపాజిట్లవారిదే. 2023 జులైలో కేంద్రం నాలుగు సహారా సొసైటీల డిపాజిటర్ల కోసం రీఫండ్ పోర్టల్ తెరిస్తే, అక్కడా తొలి పరిమితి తలకు పది వేలే. రాయ్‌పూర్ తెలుగువాడికి ఈ లెక్క రెండు వైపులా తెలుసు. సొంతూళ్లో అగ్రిగోల్డ్, ఉంటున్న ఊళ్లో సహారా!

డబ్బు కట్టేటప్పుడు ఏజెంటు ఇంటికే వచ్చాడు. అన్నయ్యా అన్నాడు, వదినగారి చేతి టీ తాగాడు, ఎక్కడ సంతకం పెట్టాలో వేలితో చూపించాడు. తిరిగి తీసుకోవాలంటే మాత్రం చాయిస్ సేవా కేంద్రం ముందు క్యూ కట్టాలి. ఆధార్‌కు ఫోను, ఖాతాకు ఆధార్ కలపాలి. ఒరిజినల్ రసీదు కావాలి. రసీదులో ‘రావు’, ఆధార్‌లో ‘రావ్’ ఉంటే అర్జీ వెనక్కి. మోసం చేసినవాడు అడగని కాగితాలన్నీ న్యాయం చేసేవాడు అడుగుతాడు.

ఇంతకీ డబ్బు లేకనా? సహారాలోనే మరో రెండు కంపెనీల మదుపరులకు సొమ్ము తిరిగివ్వాలని సుప్రీంకోర్టు 2012లో ఆదేశించింది. సెబీ ఖాతాలో 25 వేల కోట్లకు పైగా పోగైంది. పదేళ్లలో పంచింది 138 కోట్లు! అడిగేవాళ్లు రాలేదట. అక్కడ డబ్బుకు మనుషులు దొరకలేదు, సహారా సొసైటీల్లో మనుషులకు డబ్బు దొరకలేదు. 2023 మార్చిలో కోర్టే రెంటికీ ముడిపెట్టి 5,000 కోట్లు ఇటు మళ్లించింది. ఆ నాలుగు సొసైటీల్లో ఒకటి మన హైదరాబాద్‌దే.

పోర్టల్ ప్రారంభానికి ఒక సభ, మొదటి చెల్లింపుకు మరో సభ. ఆ మొదటి విడతలో 112 మందికి తలా పది వేలు, మొత్తం 11 లక్షల 20 వేలు. 2024 సెప్టెంబరులో పరిమితి 50 వేలకు పెరిగింది. లక్ష కట్టినవాడు పదో వంతు నుంచి సగం మనిషిగా ఎదిగాడు.

అమెరికావాళ్లను చూసి అసూయపడాలో వద్దో తెలియదు. 2009లో సత్యం కుంభకోణం బయటపడ్డాక అక్కడ షేర్లు కొన్నవాళ్లు అందరి తరఫునా ఒకటే క్లాస్ యాక్షన్ దావా వేసి 12.5 కోట్ల డాలర్లకు రాజీ చేసుకున్నారు. పంచుకుంటే చేతికొచ్చింది తక్కువేనని వాళ్ల బాధ. ఇక్కడ కొన్నవాళ్లకు ఆ బాధ కూడా లేదు, అప్పటి కంపెనీల చట్టంలో అలాంటి దావాకు సెక్షనే లేదు కాబట్టి. ఆ సెక్షన్ 2013 చట్టంతో పుట్టి 2016లో అమల్లోకి వచ్చింది. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని సామెత. మన చట్టానికి ఏడేళ్లు పట్టింది.

కాబట్టి పాఠక మహాశయులారా, పాత రసీదులు పారేయకండి. సహారా పోర్టల్లో అర్జీకి రుసుము లేదు, ‘త్వరగా తెప్పిస్తా’ అనేవాడికి పైసా ఇవ్వకండి. ఒకసారి మునిగినవాడి అడ్రసు రెండో మోసగాడికి తొందరగా దొరుకుతుంది.