నాలుగు గడులు

ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పాను. ఎర్రకణం ఆయుష్షు 120 రోజులని, రక్తం పీహెచ్ 7.35కు తగ్గకుండా 7.45 దాటకుండా ఉండాలని నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఆ చదువును నా ఇంటి గడప దాటి లోపలికి రానివ్వనిది నేనే.

వైరాలో నా పాత విద్యార్థి ఒకడు రక్తపరీక్షల ల్యాబ్ నడుపుతాడు. నీరసంగా ఉందని వెళ్తే, "సార్, హిమోగ్లోబిన్ 11.4 ఉంది. ఎర్రకణాలు చూస్తే 58 లక్షలున్నయి, సైజు 64. ఐరన్ తక్కువైతే లెక్క ఇట్ల పెరగదు కద సార్. ఖమ్మంల హిమోగ్లోబిన్ ఏ2 పరీక్ష చేయించుకోండి" అన్నాడు. నా దగ్గర చదివినవాడు నాకు చెప్పడమేమిటనుకున్నాను. ఐరన్ మాత్రలు తెచ్చుకుని రెండేళ్లు మింగాను. 11.4 కదల్లేదు. 58 లక్షలంటే 5.8 మిలియన్లు; సైజు 64ని 5.8తో భాగిస్తే 11 వస్తుంది. 13 లోపు వస్తే తలసీమియా వాహకుడేమోనని అనుమానించాలని మెంట్జర్ 1973లోనే రాశాడు. ఒక్క భాగహారం. చేయలేదు.

ఆ రెండేళ్లలోనే మా అమ్మాయిని చెల్లెలి కొడుక్కిచ్చి చేశాను. పెళ్లికి ముందు పరీక్ష మాట పిల్లాడే ఎత్తాడు: "మామయ్యా, ఒకసారి ఇద్దరం రక్తం చూపించుకుంటం." "అవి భద్రాచలం అడవుల్లో ఉండే జబ్బులురా, మన వంశంలో ఎవరికీ లేవు" అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. కోయగూడేల్లో కనబడే సికిల్ సెల్ అయినా, మా ఇంటి తలసీమియా అయినా మలేరియా కాచుకున్న నేలల్లో నిలదొక్కుకున్న జన్యువులే. తలసీమియాకూ మలేరియాకూ ముడి ఉండొచ్చని 1949లో రాసిన జన్యుశాస్త్రవేత్త హాల్డేన్ కథ ఏటా తరగతిలో చెప్పేవాణ్ణి. ఆయన ఈ దేశ పౌరుడయ్యాడని, 1964లో పోయాక దేహం మన కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేరిందని చెబుతుంటే పిల్లలు కళ్లు విప్పార్చి వినేవాళ్లు. దోమ ఏ ఇల్లూ ఎంచుకోదన్న సంగతి నాకే తట్టలేదు.

బఫర్ పాఠం గుర్తొస్తే ఇంకా బాధ. పీహెచ్ కదలలేదని ఆమ్లం చేరలేదనుకోకండి, బైకార్బనేట్ తాను ఖర్చవుతూ కాస్తోంది అనేవాణ్ణి. వాహకుడిలోనూ ఒక మంచి జన్యువు రెండోదాని లోటును కప్పి ఉంచుతుంది. మా ఇంట్లో మూడు తరాలు కప్పింది.

మనవడు బొద్దుగా పుట్టాడు. గర్భంలో తయారైన హిమోగ్లోబిన్ కొన్ని నెలలు కాపాడుతుంది. ఏడో నెలకు పాలిపోయాడు, పొట్ట పెరిగింది. బీటా తలసీమియా మేజర్ అన్నారు. ఇప్పుడు ఐదేళ్లు. మూడు వారాలకోసారి ఖమ్మం బస్సెక్కి రక్తం ఎక్కించుకొస్తాడు. ఎక్కించిన రక్తంలోని ఇనుము గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది. దాన్ని బయటికి పంపే మాత్రను రోజూ నీళ్లలో కరిగించి నేనే తాగిస్తాను. గ్లాసు అడుగున మిగిలింది కూడా కలిపి తాగించేదాకా కదలను.

మొన్న చెల్లెలు అడిగింది, "అన్నయ్యా, ఇది నా కడుపు నుంచే వచ్చిందా?" అని. ఐదేళ్లుగా ఆ మాట గొంతులోనే పెట్టుకుని తిరిగిందట. క్యాలెండర్ కాగితం వెనక నాలుగు గడులు గీశాను. తరగతిలో వారసత్వం పాఠానికి ఈ గడుల మీద పెద్ద టీ, చిన్న టీ రాసేవాణ్ణి. ఈసారి పైన అమ్మాయి పేరు, పక్కన అల్లుడి పేరు రాశాను. అల్లుడి పేరు వెనక చెల్లెలి పేరు, అమ్మాయి పేరు వెనక నా పేరు.

"ఇద్దరి నుంచీనమ్మా" అన్నాను. "ముందే తెలుసుకోగలిగినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే."