కమ్మింగ్‌లో కాకికబుర్లు

అట్లాంటా నుంచి జీఏ 400 మీద ఉత్తరానికి సుమారు నలభై మైళ్ళు పోతే కమ్మింగ్. 2020 జనాభా లెక్కల ప్రకారం ఊళ్ళో ఉన్నది ఏడు వేల పైచిలుకు మనుషులు. కానీ అట్లాంటా చుట్టుపక్కల ఏ తెలుగు పెళ్ళికి వెళ్ళినా, భోజనాల దగ్గర పక్కన కూర్చున్నాయన తాను కమ్మింగ్‌లోనే ఉంటానంటాడు. అబద్ధమేమీ కాదు. రెండున్నర లక్షల పైచిలుకు జనమున్న ఫోర్సైత్ కౌంటీలో చాలా ఇళ్ళకి, ఊరి పొలిమేరకి ఎంత దూరాన ఉన్నా, ఉత్తరాల మీద అడ్రసు కమ్మింగ్ అనే ఉంటుంది.

ఇక్కడ పక్షులు చూసేవాళ్ళలో రెండు తెగలున్నాయి. ఒక తెగకి మెడలో బైనాక్యులర్స్, ఒంటిమీద జేబుల చొక్కా, ఫోనులో ఈబర్డ్. కార్నెల్ యూనివర్సిటీ పక్షిశాస్త్ర కేంద్రమూ ఆడుబాన్ సొసైటీ కలిసి 2002లో మొదలుపెట్టిన ఆ పద్దులో ఏ పిట్ట ఎక్కడ, ఎన్నింటికి, ఎన్ని కనబడ్డాయో ఎక్కిస్తే తప్ప వీళ్ళకి చూసినట్టే ఉండదు. రెండో తెగకి ఈ సరంజామా ఏదీ లేదు. వాళ్ళు విజిటర్ వీసా మీద ఏప్రిల్‌లో దిగిన అమ్మానాన్నలు.

పక్షుల్ని చూడాలంటే తెల్లవారకముందే లేవాలి, కాలినడకన తిరగాలి, తొందర ఉండకూడదు. జెట్‌లాగ్ పుణ్యమా అని వాళ్ళు మూడున్నరకే లేస్తారు. కారు నడపరు కాబట్టి నడుస్తారు. కొడుకూ కోడలూ మీటింగుల్లో, మనవలు స్కూలు బస్సులో మాయమయ్యాక తొందరపడాల్సిన పనేమీ మిగలదు. అందుకే సబ్‌డివిజన్‌లో ఏ చెట్టు మీద ఏ గూడు ఉందో, ఆ ఇల్లు కొనుక్కున్న కొడుక్కి తెలియదు కానీ, గుంటూరు నుంచి వచ్చి నెల తిరగని తండ్రికి తెలుసు.

సాయంత్రం క్లబ్‌హౌస్ ముందు బెంచీల దగ్గర ఈ సమాచారమంతా చేతులు మారుతుంది.

"మేష్టారూ, నెత్తిన ఎర్రకుచ్చు ఉన్న వడ్రంగిపిట్ట మీవైపు గాని వచ్చిందా?"

"కాకంత ఉంటుంది, అదేనా? పొద్దుట్నించీ మా వెనకాల ఎండిపోయిన పైన్ చెట్టుని చెక్కుతోంది. ఎవరో తలుపు కొడుతున్నారని మావాడు నిద్రలోంచి లేచొచ్చాడు."

అది పైలియేటెడ్ వడ్రంగిపిట్ట. మేష్టారికి ఆ పేరు తెలియదు, తెలిసినా నోరు తిరగదు. కానీ అది చేసిన తొర్రలు మిగతావాటిలా గుండ్రంగా ఉండవనీ, పెట్టెలా పొడుగ్గా, నలుచదరంగా ఉంటాయనీ ఆయన రెండోరోజే కనిపెట్టారు. జేబుల చొక్కావాళ్ళు పుస్తకాల్లో చదువుకునే గుర్తు కూడా అదే. మాను లోపల కాపురమున్న చీమల కోసం అది అంత శ్రమ పడుతుంది.

దారి చెప్పడంలో మాత్రం రెండు తెగలకీ పొత్తు కుదరదు. మొదటివాళ్ళు అక్షాంశ రేఖాంశాలతో సహా మ్యాపు మీద సూది గుచ్చుతారు. రెండోవాళ్ళు "మన విజయవాడవాళ్ళ ఇల్లు దాటాక, ఎర్ర టెస్లా నిలబెట్టిన ఇంటి ఎదురు చెట్టు" అంటారు. టెస్లా ఆఫీసుకి వెళ్ళిపోతే చెట్టు దొరకదు. అంత కచ్చితంగా దారి చెప్పే మొదటి తెగవాళ్ళు కూడా ఒక్క గుడ్లగూబ విషయంలో నోరు మెదపరు. దాని గూడు ఎక్కడో పదిమందికీ తెలిస్తే కెమెరాలు వచ్చి పడి, దాన్ని నిద్రపోనివ్వవని వాళ్ళ కట్టుబాటు. రెండో తెగవాళ్ళు కూడా గుడ్లగూబ ఊసెత్తరు, అయితే కారణం వేరు. ఇంటి దగ్గర గుడ్లగూబ కూసిందని వియ్యపురాలికి తెలిస్తే శాంతి చేయించమంటుంది.

కమ్మింగ్ అడవుల్లో బాగా వినబడేది బార్డ్ ఔల్. దాని కూతని అమెరికన్లు "మీ ఇంట్లో వంట ఎవరు?" అని అడుగుతున్నట్టు గుర్తుపెట్టుకుంటారు. అర్ధరాత్రి డెక్ వెనకనుంచి ఆ ప్రశ్న వినబడితే, ఆరు నెలలుగా ఆ ఇంటి గరిటె పట్టుకున్న తల్లి సమాధానం చెప్పకుండా ఎలా ఊరుకుంటుంది?

కూతని బట్టి పిట్టని పట్టడం నేర్చుకోవాలంటే జార్జియా రాష్ట్రపక్షితో మొదలుపెట్టడం మేలు. దాని పేరు బ్రౌన్ థ్రాషర్. ఇటుకరంగు వీపు, పసుప్పచ్చని కన్ను, పొదల కింద ఎండుటాకుల్ని ముక్కుతో ఎగజిమ్మే అలవాటు. 1928లో బడిపిల్లలు దీన్ని ఎంచుకున్నారు, 1935లో గవర్నరు ప్రకటించాడు, శాసనసభ ముద్ర పడింది మాత్రం 1970లో. ఫైలు కదలడానికి నలభై రెండేళ్ళు పట్టిందంటే మన రిటైర్డు తాసిల్దార్లెవరూ ఆశ్చర్యపోరు. ఈ పిట్టకి వెయ్యికి పైగా పాటలొచ్చు, పక్కవాళ్ళ కూతల్ని కూడా ఎత్తుకొస్తుంది. అందుకని పాటని పట్టించుకోకుండా లెక్క పెట్టమంటారు తెలిసినవాళ్ళు. ఒక్కో ముక్కని ఒక్కసారే అని వదిలేస్తే క్యాట్‌బర్డ్. రెండేసిసార్లు అంటే థ్రాషర్. మూడు, ఆపైన ఎన్నిసార్లయినా అంటుంటే మాకింగ్‌బర్డ్. ఫోనులో కూత విని పిట్ట పేరు చెప్పే మెర్లిన్ యాప్‌కి గొంతు గుర్తుపట్టే విద్య 2021లో వచ్చింది. ఈ మూడు లెక్కలూ తెలిసినవాళ్ళకి ఫోను తీసే పనే ఉండదు.

చిక్కంతా స్వదేశపు చెవితోనే. మనవడి ఫోనులో ఈబర్డ్ తెరిచి, "కోకిల, ఒకటి" అని ఎక్కించిన తాతగారికి త్వరలోనే మర్యాదగా ఒక ఉత్తరం వస్తుంది. ఆ ప్రాంతపు వలంటీరు రివ్యూయర్ రాస్తాడు: ఇది ఇక్కడ ఉండని పక్షి, దయచేసి ఫొటోగాని రికార్డింగుగాని పంపగలరా అని. తాతగారు విన్నది కోకిలనే, అందులో సందేహం లేదు. ముందుగదిలో టీవీ సీరియల్ నడుస్తోంది.

ఇక హమ్మింగ్‌బర్డ్ సంగతి. మూడు గ్రాముల రూబీ త్రోటెడ్ పిట్ట, మధ్య అమెరికాలో చలికాలం గడిపి, చాలామట్టుకు మెక్సికో సింధుశాఖ మీదుగా ఐదువందల మైళ్ళు ఎక్కడా ఆగకుండా ఎగిరి, మార్చి ఆఖరుకి జార్జియా చేరుతుంది. అక్టోబరులో తిరుగుప్రయాణం. విజిటర్ వీసా పెద్దలు పాటించే పంచాంగం కూడా దాదాపు ఇదే. చలి ముదరకముందే ఇద్దరూ సర్దుకుంటారు, సామాను బరువు విషయంలోనే తేడా.

దీనికి పెట్టే పాకంలో కొలత ఒక్కటే: ఒక కప్పు పంచదారకి నాలుగు కప్పుల నీళ్ళు. అంతకు మించి ఏమీ వద్దు. ఇక్కడే ఇళ్ళల్లో రగడ మొదలవుతుంది. "తెల్ల పంచదార మంచిది కాదే, కాస్త బెల్లం ముక్క వెయ్యి, పాపం అంతదూరం నుంచి వచ్చింది" అంటుంది అత్తగారు. బెల్లంలో ఉండే ఇనుము ఆ పిట్ట ఒంటికి పడదు. తేనె వేస్తే పాకం పులిసి బూజు పడుతుంది. ఎర్రరంగు అక్కర్లేదు, ఫీడరు ఎర్రగా ఉంటే చాలు. ఏలకులు వేసిన ఇల్లు కూడా ఉందని వినికిడి. జూలై ఎండల్లో రెండురోజులకోసారి పాకం పారబోసి ఫీడరు కడగాలి. ఆ పని ఎవరి వంతన్నదాని మీద జరిగే చర్చలు ఈ వ్యాసం పరిధిలోకి రావు.

పిట్టలు కూడా ఊరుకోవు. పూలకుండీలో, తలుపుకి తగిలించిన దండలో, గరాజ్‌లో మరిచిపోయిన బూటులో గూడు కట్టే ఘనత కరోలినా రెన్‌ది. చలికాలమంతా ఇంట్లో దాచి, మంచు పోయాక డెక్ మీద పెట్టిన కరివేపాకు కుండీ దాని కంటపడితే అంతే సంగతులు. 1918 నాటి వలసపక్షుల ఒప్పంద చట్టం ప్రకారం గుడ్లో పిల్లలో ఉన్న గూటిని కదపకూడదు. పొదగడానికి రెండువారాలు, పిల్లలు ఎగరడానికి ఇంకో రెండువారాలు. ఆ నెల రోజులూ ఇండియన్ స్టోర్‌లో కరివేపాకు కొనుక్కోవాల్సిందే, అక్కడ దాని ధర చూసినవాళ్ళకి ఈ త్యాగం విలువ తెలుస్తుంది. రాలిన ఈకని దాచుకోవడం కూడా ఆ చట్టం కింద నేరమే. పుస్తకంలో నెమలీక పెట్టి పిల్లలు పెడుతుందని ఎదురుచూసిన నాయనమ్మ, బ్లూజే ఈక ఏరి మనవరాలి చేతికిస్తే, ఇవ్వడం సంతోషమే కానీ చట్టం ఒప్పుకోదు.

కమ్మింగ్ తెలుగువాళ్ళు గడియారం చూసుకుంటూ వెతికే పక్షి మాత్రం అరుదైనదేమీ కాదు. కాకి. తద్దినం నాడు పిండం ముట్టాల్సింది అదే. మామూలు రోజుల్లో వీధి చివర పదీ పదిహేను గోలగోలగా అరుస్తుంటాయి, ఆ రోజున ఒక్కటీ రాదు. డెక్ మీద విస్తరి, గాజుతలుపు వెనక పంచెకట్టుతో కొడుకు, పన్నెండున్నరకి ఆఫీసు కాల్. ఎవరికి తెలిసిన చిట్కా వాళ్ళు ఫోనులో చెబుతారు. అమెరికన్ కాకికి కొత్త వస్తువంటే అనుమానం, కాబట్టి వారం ముందునుంచే అదేచోట, అదే వేళకి తొక్కతో ఉన్న వేరుశనక్కాయలు పెట్టాలి. చెట్టుకింద కాక నాలుగువైపులా కనబడే ఖాళీలో పెట్టాలి. పెట్టాక లోపలికి పోవాలి, కిటికీలోంచి తొంగిచూడకూడదు.

సియాటిల్‌లో వాషింగ్టన్ యూనివర్సిటీ ఆచార్యుడు జాన్ మార్జ్‌లఫ్ 2006లో ముసుగు తగిలించుకుని కొన్ని కాకుల్ని పట్టి వదిలాడు. ఆ ముసుగు వేసుకుని ఎవరు కనబడినా కాకులు ఏళ్ళతరబడి వెంటపడి తిట్టాయి, పట్టుబడని కాకులు కూడా కలిసి తిట్టాయి. మొహాలు అంత బాగా గుర్తుండే పక్షి, ఏడాదికొకసారి మాత్రమే పిలిచేవాడి ఇంటికి పిలవగానే వస్తుందని ఆశించడం అన్యాయం.

కాకి రాకపోయినా రాబందు రావచ్చు. ఇళ్ళ పైకప్పుల మీద, సెల్‌టవర్ల మీద నల్ల రాబందులు బారులు తీరి రెక్కలు ఆరబెట్టుకుంటుంటే, పెద్దవాళ్ళు మొదట ఉలిక్కిపడి, తరవాత అలాగే నిలబడిపోతారు. చిన్నప్పుడు ఊరి చివర చూసినవి, ఆ తరవాత కనబడనివి. ఇండియాలో పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ మందు, ఆ కళేబరాలు తిన్న రాబందుల్ని దాదాపు తుడిచిపెట్టింది. 2006లో పశువులకి ఆ మందు నిషేధించేనాటికే ఆలస్యమైంది. కమ్మింగ్ రాబందులు వేరే కుటుంబం, మనవాటితో దగ్గరి చుట్టరికం లేదు. ఫొటో తీసి ఊరికి పంపేవాళ్ళకి ఆ తేడా పట్టదు.

దసరాకి పాలపిట్ట కావాలి. దాని జాతి మొత్తం అమెరికా ఖండాల్లోనే లేదు. నీలం ఉంది కదా అని ఈస్టర్న్ బ్లూబర్డ్‌కి దండం పెట్టుకునేవాళ్ళున్నారు. పాలపిట్ట తెలంగాణ రాష్ట్రపక్షి, ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకకి మారింది. కమ్మింగ్‌లో రెండూ లేవు కనక ఇక్కడ ఆ విషయంలో పేచీ లేదు.

పెద్దలు విమానమెక్కాక అసలు జాతర మొదలవుతుందని జేబుల చొక్కావాళ్ళు అంటారు. 1950ల్లో చట్టహూచీ నదికి బ్యూఫర్డ్ దగ్గర కట్టిన ఆనకట్ట వెనక 38,000 ఎకరాల లేక్ లేనియర్. చలికాలంలో కెనడా వైపు నుంచి లూన్లు దిగుతాయి. మేరీ ఆలిస్ పార్కు ఒడ్డున చలిలో వణుకుతూ నిలబడితే, దూరాన బూడిదరంగులో ఒకటి మునిగి, ఇంకెక్కడో తేలుతుంది. నవంబరు, డిసెంబరుల్లో శాండ్‌హిల్ కొంగలు గుంపులుగా ఊరి మీదుగా దక్షిణానికి పోతాయి. అరుపు వినబడ్డాక చాలాసేపు ఆకాశం వెతికితే గాని కనబడవు, అంత ఎత్తు.

వీటన్నిటి మధ్యా పెద్దలకి ఎక్కువ ఆనందమిచ్చిన పిట్టని జేబుల చొక్కావాళ్ళు లెక్కలోకి తీసుకోరు. పెద్ద స్టోర్ల ముందు ట్రాలీల దగ్గర చిప్స్ ముక్కలు ఏరుకునే పిచ్చుక. మన ఇంటి చూరుల్లో ఉన్నదీ ఇదీ ఒకటే జాతి. 1850ల్లో యూరప్ నుంచి తెచ్చి బ్రూక్లిన్‌లో వదిలారు, ఇక ఖండమంతా అదే. 1918 చట్టం దీన్ని కాపాడదు, బ్లూబర్డ్ పెట్టెల్ని ఆక్రమిస్తుందని దీని గూళ్ళు పీకేస్తారు. ఊళ్ళో పిచ్చుకలు తగ్గిపోయాయని దిగులుపడే మనిషి, ఇక్కడ ఆ తిట్లు విని నోరెళ్ళబెడతాడు.

ఏటా ఫిబ్రవరి నడుమ నాలుగు రోజులు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతుంది. 1998లో మొదలై, 2013 నుంచి ప్రపంచమంతా పాల్గొనేదైంది. ఒకచోట పదిహేను నిమిషాలు నిలబడి, కనబడినవన్నీ లెక్కపెట్టి ఎక్కించడమే. రుసుము లేదు, వీసా అక్కర్లేదు. కమ్మింగ్ పిల్లలూ, ఆ నాలుగు రోజుల్లో ఒకనాడు అమ్మానాన్నలకి ఫోను చేసి, గుంటూరు డాబా మీదకి పంపి లెక్కపెట్టించండి. పిచ్చుక కనబడితే దాన్నీ రాయమనండి.