పుట్టని టీవీకి పెట్టిన ధర
2015 మే 18న, ఆపిల్ షేరు 130 డాలర్ల దగ్గరుండగా, బడా మదుపరి కార్ల్ ఐకాన్ దాని అసలు విలువ 240 అని తేల్చారు. ఆ లెక్కలో 55, 65 అంగుళాల ఆపిల్ టీవీ సెట్లూ ఉన్నాయి. ఆ ఆలోచనను కంపెనీ ఏడాది ముందే అటకెక్కించిందని అదే రోజు వాల్ స్ట్రీట్ జర్నల్ బయటపెట్టింది. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం!

షేరు 240 దాటింది కదా అంటారా? దాటింది, 2019లో. అదీ ఒక్క టీవీ సెట్టూ అమ్మకుండానే. ఐకాన్ 2016లోనే షేర్లన్నీ అమ్ముకుని సర్దుకున్నారు.

మన హైదరాబాద్ శివార్లలో, సాతంరాయికి అటువైపు రావిర్యాల ఫ్యాబ్‌సిటీలో నిజం టీవీలే బిగిస్తున్నారు. వాటికి జోస్యాలెందుకు? స్విచ్ వేస్తే వెలుగుతాయిగా!